ఫ్రెంచి భాషాభ్యసనం - చలనచిత్రాల తోడ్పాటు

ఫ్రెంచి వ్యాకరణాన్ని శ్రద్ధగా చదివి, క్రియారూపాలన్నీ కంఠస్థం చేసిన విద్యార్థి మొదటిసారి ఒక ఫ్రెంచి చలనచిత్రం చూచినప్పుడు దిగ్భ్రాంతుడవుతాడు. పుస్తకంలో తనకు సుపరిచితమైన మాట తెరమీద వినబడదు. మా అనుభవమూ అంతే. ఆ భాషలో వ్రాతకూ ఉచ్చారణకూ నడుమ ఉన్న దూరం అటువంటిది. 'మాట్లాడు' అనే అర్థం గల క్రియను 'నేను', 'నీవు', 'వారు' అనే కర్తలతో మూడు విధాలుగా వ్రాస్తారు. పలికేటప్పుడు మూడూ 'పర్ల్' అనే. 'నాకు తెలియదు' అనడానికి గ్రంథంలో 'జె నె సే పా' అని ఉంటుంది. మాటల వేగంలో అది 'షే పా'గా కుదించుకుపోతుంది.

అయితే మనం పూర్తిగా నిరాయుధులం కాము. 'లే', 'అమీ' అనే రెండు మాటలు కలిసి 'లేజమీ' (స్నేహితులు) కావడం, సంధి తెలిసిన తెలుగువానికి వింత కాదు. ముక్కుతో పలికే అచ్చులకు మన అరసున్న ఉన్నది. ఉర్దూ చదివినవారికి నూన్ గున్నా ఉన్నది. చెవి పట్టుకోవలసింది వీటినే. అందుకు చలనచిత్రాన్ని మించిన సాధనం మాకు కనబడలేదు.

ఉదాహరణకు జాఁ రెన్వార్ దర్శకత్వంలో 1937లో వచ్చిన 'లా గ్రాండ్ ఇల్యూజియోఁ' చిత్రాన్ని తీసుకుందాము. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనులకు బందీలైన ఫ్రెంచి సైనికాధికారుల కథ అది. మరేషాల్ యుద్ధానికి పూర్వం యంత్రాలు బాగుచేసే పనివాడు, బొయెల్ద్యూ ఉన్నతవంశీయుడు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే కష్టంలో ఉంటారు. ఒకనాడు మరేషాల్ అడుగుతాడు: పద్దెనిమిది నెలలుగా కలిసి ఉంటున్నాము, ఇంకా ఒకరినొకరు 'వూ' అనుకుంటున్నామే అని. తాను తల్లినీ భార్యనూ కూడ 'వూ' అనే పిలుస్తానని బొయెల్ద్యూ బదులు చెబుతాడు.

ఫ్రెంచిలో 'త్యూ' అంటే నువ్వు, 'వూ' అంటే మీరు. వ్యాకరణం ఈ భేదాన్ని రెండు పంక్తులలో ముగిస్తుంది. కాని 'మీరు' అనే మాట గౌరవమే కాక గోడ కూడా కాగలదని ఈ ఒక్క దృశ్యం బోధించినట్లు ఏ పాఠమూ బోధించదు. నువ్వు - మీరు, తుమ్ - ఆప్ అనే తారతమ్యాల మధ్య పెరిగిన మనకు ఆ గోడ వెంటనే కనబడుతుంది. విచిత్రమేమంటే, తెర అడుగున వచ్చే ఆంగ్లానువాదాన్ని నమ్ముకొన్నవాడికి ఇది సులభంగా దక్కదు. ఆంగ్లంలో రెంటికీ ఒకటే మాట కదా! మాతృభాష ఇచ్చిన సౌలభ్యాన్ని మనం ఆంగ్లంపై ఆధారపడి పోగొట్టుకుంటున్నాము. ఇదే బొయెల్ద్యూ, తనవలెనే కులీనుడైన జర్మను అధికారి రౌఫెన్‌స్టైన్‌తో నడుమ నడుమ ఆంగ్లంలో మాట్లాడుతాడు. దేశం వేరైనా అంతస్తు ఒకటి. తన ఫ్రెంచివాడైన మరేషాల్‌కంటే శత్రువే అతనికి దగ్గరగా తోచడం ఆనాటి యూరోపు సమాజాన్ని మన ముందుంచుతుంది.

చూచే పద్ధతి గురించి ఒక మాట. చిత్రాన్నంతా పదేపదే చూడడం కాలవ్యయం. ఒకసారి అనువాదంతో కథ తెలుసుకొని, తరువాత ఐదు నిమిషాల దృశ్యాన్ని మాత్రం ఎంచుకొని, అక్షరాలను మూసివేసి వినాలి. విన్నది వ్రాసుకోవాలి. ఆ పిమ్మట ఫ్రెంచి అక్షరాలతోనే చూచి సరిదిద్దుకోవాలి. మొదట్లో సగం మాటలు తప్పిపోతాయి, మాకూ తప్పిపోయినవి. చివరకు నటునితోపాటు బిగ్గరగా పలకాలి. ఇంటివారు నవ్వినా మానరాదు. 1937నాటి మర్యాదలనే నేటి మర్యాదలనుకోవడం మాత్రం పొరపాటు. ఈనాటి ఫ్రెంచి యువకులు 'త్యూ' అనడానికి అంతగా జంకరు.

భాష రాకపోతే ఏమవుతుందో కూడ ఆ చిత్రంలోనే ఉన్నది. బందీలు ఎంతో శ్రమించి సొరంగం త్రవ్వుతారు. అది పూర్తయ్యే వేళకు వారిని వేరొక చోటికి తరలిస్తారు. వారి స్థానంలోకి వస్తున్న ఆంగ్లేయ సైనికునికి సొరంగం సంగతి చెప్పాలని మరేషాల్ ఆత్రంగా ప్రయత్నిస్తాడు. అతనికి ఫ్రెంచి రాదు, ఇతనికి ఆంగ్లం రాదు. కొన్ని నెలల తరువాత ఇదే మరేషాల్ చెర నుండి తప్పించుకొని ఒక జర్మను రైతు స్త్రీ ఇంట ఆశ్రయం పొందుతాడు. ఆమెకొక చిన్న కూతురు, పేరు లోటె. పుస్తకమూ గురువూ లేని ఆ ఇంట్లో, లోటె కన్నులు నీలివని చెప్పే చిన్న జర్మను వాక్యాన్ని అతడు తడబడుతూ పలుకుతాడు.