నిధిని కాచే డ్రాగన్ల పేర్లు

పాతిపెట్టిన లంకెబిందెల మీద నాగుబాము పడగ విప్పి కాపలా ఉంటుందనే కథను మీరు పెద్దల నోట విని ఉంటారు. సాధారణంగా ఆ పాముకు పేరు ఉండదు. ఇంగ్లండు ప్రాచీన కావ్యమైన 'బేవుల్ఫ్'లో మూడు వందల ఏళ్లు నిధిని కాచిన డ్రాగన్‌కూ పేరు లేదు. డ్రాగన్ అంటే నిప్పులు కక్కే మహాసర్పం.

తన డ్రాగన్లకు ఏరికోరి పేర్లు పెట్టిన రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892-1973). ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ప్రాచీన ఆంగ్లం బోధించిన ఆచార్యులు. సుమారు ఏడేళ్ల వయసులోనే ఒక డ్రాగన్ కథ రాశారట. 'పచ్చని పెద్ద డ్రాగన్' అనకూడదు, 'పెద్ద పచ్చని డ్రాగన్' అనాలి అని తల్లి సరిదిద్దింది. ఎందుకలా అనాలో ఆయనకు పెద్దయ్యాక కూడా అంతుపట్టలేదు. తెలుగులో మనం ఏ వరుసలో అంటామో మీరే పలికి చూడండి.

1937లో వెలువడిన 'ది హాబిట్' నవలలోని డ్రాగన్ పేరు స్మౌగ్. అది మరుగుజ్జుల కొండలో చొరబడి, వారి బంగారమంతా కుప్పపోసి దానిమీద పడుకొంటుంది. 'బేవుల్ఫ్'లో వలెనే ఇక్కడా ఒక్క పాత్ర దొంగిలింపబడినందుకే ఆగ్రహంతో ఊగిపోతుంది. ప్రాచీన జర్మానిక్ భాషలో 'కన్నంలో దూరు' అనే అర్థంగల క్రియ ఒకటి ఉన్నది. దాని భూతకాల రూపమే ఈ పేరు. అంటే మనం 'దూరెను' అని పేరు పెట్టినట్లు! ఇది భాషావేత్త వేసిన పరిహాసమని ఆయనే 1938లో ఒక పత్రికకు రాశారు. కొండంత జంతువుకు ఆ పేరు పెట్టడంలోనే చమత్కారం ఉంది. పైగా కన్నంలో దూరేది దొంగ కదా!

1949 నాటి మరో కథలో డ్రాగన్ పేరు క్రిసోఫిలాక్స్. గ్రీకులో దానికి 'బంగారాన్ని కాచేవాడు' అని అర్థం.

కొన్ని పేర్లకు ఆయన తానే భాషను కల్పించుకొన్నారు. వెల్ష్ భాష ధ్వనులను అనుసరించి చేసిన సిందారిన్‌లో 'అంక' అంటే దవడ, 'అలగ్' అంటే దూసుకుపోయేది. ఈ రెండూ కలిసి అంకలగోన్ అయింది. ఈ డ్రాగన్ నిధిని కాచేది కాదు, యుద్ధంలోకి దూకేది. 1977లో, ఆయన మరణానంతరం అచ్చయిన గ్రంథంలో దాని కథ కొద్ది వాక్యాలే. అయినా పేరు వింటే రూపం కళ్ల ముందు నిలుస్తుంది.

ముందు భాషలు పుట్టాయి, వాటికి ఒక లోకం కావాలని కథలు రాశాను అని టోల్కీన్ అనేవారు. పురాణకథలు లేని కల్పిత భాష బతకదని, ఎస్పెరాంటో అలాంటిదేనని ఆయన అభిప్రాయం. ఎస్పెరాంటో మాట్లాడేవారు దీనిని ఒప్పుకోరు. వారి భాషలోనూ కవితలు, నవలలు ఉన్నాయి.