వివాహ చట్టం – వివాహ సంస్కారం

స్వలింగ వివాహాలను న్యాయస్థానం అనుమతిస్తే ఆలయ కల్యాణ మంటపాలలోనూ జరిపించవలసి వస్తుందా అని భక్తులు కొందరు నన్ను అడుగుతున్నారు. హైదరాబాదు జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ సుప్రీంకోర్టును కోరినది సప్తపదిని కాదు. రిజిస్ట్రారు ఎదుట 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదును. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అందుకు అంగీకరించలేదు. అది చట్టసభలు నిర్ణయించవలసిన విషయమన్నది.

చట్టమూ సంస్కారమూ వేరని మన పినపాక మన్యమే చెబుతుంది. ఇక్కడి కోయల వివాహాలకు 1955 నాటి హిందూ వివాహ చట్టం వర్తించదు. వారి ఆచారమే ప్రమాణం. అవి వివాహాలు కావని ఎవరనగలరు?

ఇక శాస్త్రం మాట. పురుషుల నడుమ ఇట్టి సంబంధాన్ని మనుస్మృతి మెచ్చలేదు. కాని పదకొండవ అధ్యాయం ద్విజునికి విధించినది సచేల స్నానం, అనగా కట్టుబట్టలతో స్నానం. పగటివేళ స్త్రీసంగమానికీ అదే ప్రాయశ్చిత్తం. కన్యల విషయంలో మాత్రం దండన కఠినమే. యావజ్జీవ కారాగారం వరకు శిక్ష విధించినది 1860లో ఆంగ్లేయుల పాలనలో వచ్చిన 377వ సెక్షను. పరస్పర సమ్మతిగల వయోజనులకు అది చెల్లదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కాఠిన్యాన్ని సనాతనమని చెప్పుకొనడం నాకు సమంజసంగా తోచదు.

ఆలయ విధి ఆగమానుసారమే సాగాలి. అయితే ఈ మాట చెప్పిన బిడ్డను గడప దాటించమన్న విధి నేను చదివిన ఏ గ్రంథంలోనూ కనబడలేదు. ఆ బిడ్డ ఆసుపత్రిలో ఉంటే సంతకం ఎవరిది, ఆస్తి ఎవరికి అన్న ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఉమ్మడి బ్యాంకు ఖాతా మాత్రం తెరువవచ్చునని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది.