సిరా మారితే హామీ పోతుందా?

తాటాకుపై గంటంతో అక్షరాలను చెక్కి, వాటికి మసి పూసిన కాలంలో ఆ మసి ఎవరు తయారుచేసినదన్న ప్రశ్నకు తావు లేదు. గంటం చేసిన కమ్మరికి మసితో పని లేదు. నేటి ప్రింటరు విషయం అట్లా కాదు. యంత్రాన్ని అమ్మిన సంస్థ సిరాను కూడా తన వద్దనే కొనాలని కోరుతుంది. ఇతరుల సిరా వాడితే వారంటీ వర్తించదని హెచ్చరిస్తుంది. ఈ హెచ్చరికలో న్యాయమెంత, అన్యాయమెంత అన్నది ప్రతి వినియోగదారుడూ తెలుసుకోదగిన విషయం.

శ్రీ సత్యసాయి జిల్లాలోని గోరంట్ల వంటి మండల కేంద్రంలో ఒక యువకుడు ఉపాధి కోసం చిన్న జిరాక్సు దుకాణం తెరిచాడనుకొందాం. విద్యార్థుల హాల్ టికెట్లు, రైతుల అడంగలు నకళ్ళు, రకరకాల దరఖాస్తులు అక్కడ ముద్రిస్తాడు. కంపెనీ సిరా ఖరీదు భరించలేక, హిందూపురం నుండి తక్కువ ధరకు దొరికే సిరా తెచ్చి నింపుకొన్నాడు. కొన్ని నెలలకు కాగితాన్ని లోపలికి లాగే మోటారు ఆగిపోయింది. వారంటీ గడువు ఇంకా మిగిలే ఉంది. అయినా సర్వీసు కేంద్రంవారు “బయటి సిరా వాడారు కాబట్టి వారంటీ పోయింది” అన్నారు. మోటారు ఆగిపోవడానికీ సిరాకూ సంబంధమేమిటి? అసలు సమస్య ఈ ప్రశ్నలోనే ఇమిడి ఉంది.

సంస్థల వాదంలో కొంత సత్యం లేకపోలేదు. ఇంక్‌జెట్ ప్రింటరులో సిరా తలవెంట్రుక కన్నా సన్నని రంధ్రాల గుండా చిమ్ముతుంది. సిరా చిక్కదనం తగినట్లు లేకపోయినా, అందులోని రంగు పొడి సరిగా కలియకపోయినా ఆ రంధ్రాలు పూడిపోతాయి. అటువంటి నష్టాన్ని సంస్థ భరించాలనడం న్యాయం కాదు. అయితే దీని వెనుక వ్యాపార సూత్రమొకటి ఉన్నది. యంత్రాన్ని చౌకగా అమ్మి, లాభాన్ని సిరా ద్వారా రాబట్టుకోవడమే ఆ సూత్రం. కొన్ని కార్ట్రిడ్జులకు ఎలక్ట్రానిక్ చిప్పును అమర్చి, ఇతరుల కార్ట్రిడ్జును ప్రింటరు తిరస్కరించేటట్లు చేయడం కూడా ఇందులో భాగమే.

వారంటీ అనేది దయతో ఇచ్చే దానం కాదు. వస్తువు ధరతోపాటు కొనుగోలుదారునికి లభించిన మాట. ఆ మాటకు షరతులు ఉండవచ్చు. “బయటి సిరా వల్ల కలిగిన నష్టానికి బాధ్యత వహించం” అనడం సమంజసమైన షరతు. “బయటి సిరా వాడితే మొత్తం వారంటీ రద్దు” అనడం వేరు. అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నూసన్-మాస్ వారంటీ చట్టం ఈ భేదాన్ని గుర్తించింది. ఫలానా కంపెనీ విడిభాగమే వాడాలన్న షరతుతో వారంటీని ముడిపెట్టడాన్ని అది సాధారణంగా నిషేధించింది.

మన దేశంలో ఇందుకై ప్రత్యేక చట్టం లేదు. అయినా వినియోగదారుడు నిరాయుధుడు కాడు. 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019, ఒక వస్తువు కావాలంటే మరొక వస్తువు కొనితీరాలనే షరతును నిర్బంధ వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్ 14 కార్ల సంస్థల విషయంలో ఇచ్చిన ఆదేశం కూడా గమనింపదగినది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీని పూర్తిగా రద్దు చేయరాదనీ, ఆ మరమ్మతులోని లోపం వల్ల కలిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చనీ కమిషన్ పేర్కొన్నది. ఆ ఆదేశం కార్లకు సంబంధించినదే అయినా అందులోని తర్కం సిరాకూ సరిపోతుంది.

ఇక పరిహార మార్గం. దుకాణదారుడు వినియోగదారుడెట్లా అవుతాడన్న సందేహం కలుగవచ్చు. స్వయం ఉపాధితో పొట్టపోసుకొనడానికి కొన్న యంత్రమైతే అతడూ వినియోగదారుడే అని చట్టం చెబుతున్నది. తాను నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే, వివాదం తలెత్తిన రెండేళ్ళలోపు, అతడు ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు కోసం చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలకు మించకపోతే రుసుము లేదు. లోపానికి కారణం పరీక్షిస్తే గాని తేలనప్పుడు కమిషన్ ఆ వస్తువును ప్రయోగశాలకు పంపగలదు. మోటారును చెడగొట్టినది సిరాయో, తయారీ లోపమో అక్కడ తేలుతుంది. అంతకుముందే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సలహా పొందవచ్చు.

అయితే హక్కుకు ఆధారం సాక్ష్యం. కొన్న బిల్లును, వారంటీ కార్డును భద్రపరచాలి. షరతులను కొనకముందే చదవాలి. సిరా కొన్నప్పుడు దానికీ బిల్లు తీసుకోవాలి. సర్వీసు కేంద్రం మరమ్మతుకు నిరాకరిస్తే కారణాన్ని వ్రాతపూర్వకంగా అడగాలి. నోటిమాటతో “వారంటీ పోయింది” అనడం తేలిక. ఏ భాగం ఏ కారణం వల్ల చెడిందో కాగితంపై వ్రాసి సంతకం చేయడం అంత తేలిక కాదు. ఆ ఒక్క కాగితాన్ని అడిగి తీసుకొన్న వినియోగదారునికి సగం న్యాయం అక్కడే దక్కుతుంది.