హార్మోను మాత్రలును అండకోశపు రాచపుండును

కూతురు కాన్పునకు కాన్పునకు నడుమ ఎడము కోరి గర్భనిరోధక మాత్రలు వాడుచుండును. తల్లి ముట్లుడిగిన పిమ్మట ఒడలెల్ల ఆవిరులెత్తి, రాత్రులు నిద్ర రాక, వైద్యురాలు వ్రాసియిచ్చిన హార్మోను మాత్రలు పుచ్చుకొనుచుండును. ఒకే యింట నిట్టి యిరువురుండుట నేడు వింత కాదు. “ఈ మాత్రలవలన అండకోశమున రాచపుండు పుట్టునట” యని పొరుగమ్మ యొక్క మాట యన్నచో ఇరువురి గుండెలును గుభిల్లుమనును. తల్లి తన మాత్రల మాట మరచి, ముందుగా కూతురిచేత మాన్పించును. నిజమునకు ఆ మాట కూతురి మాత్రకంటె తల్లి మాత్రకే యెక్కువ వర్తించును. ఈ భేదమును మన సోదరీమణులు తెలిసికొనుట మంచిదని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రాచపుండనగా కేన్సరు. అండకోశములు గర్భాశయమున కిరుప్రక్కల నుండును. నెలనెల అండము వెలువడునప్పుడు వాని పైపొర చిట్లి మరల మానుచుండును. ఇట్లు మాటిమాటికి చిట్లుటయే యీ వ్యాధికి దారితీయునేమో యని ఈజిప్టు దేశపు వైద్యుడు మహమూద్ ఫతల్లా 1971లో సూచించెను. కాన్పులును, బిడ్డకు పాలిచ్చుటయు ఈ ముప్పును తగ్గించుట ఆ యూహకు బలమిచ్చుచున్నది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టోజన్ అను రెండు హార్మోనులు కలిసిన గర్భనిరోధక మాత్రయు అండము వెలువడకుండ ఆపును. మన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగ నిచ్చు మాలా-ఎన్ ఈ తరగతిలోనిదే. ఛాయ యను మాత్రలో ఈ హార్మోనులు లేవు.

ఆక్స్‌ఫర్డు కేంద్రముగ పనిచేసిన పరిశోధక బృందము 21 దేశములలోని 45 పరిశోధనలను గుదిగ్రుచ్చి 2008లో ఫలితములు వెల్లడించెను. ఈ వ్యాధి గల 23,257 మంది స్త్రీలను, వ్యాధి లేని 87,303 మందిని పోల్చి చూడగా, మాత్ర వాడిన ప్రతి అయిదేండ్లకును ముప్పు సుమారు అయిదవ వంతు తగ్గెనని తేలినది. మాత్ర మానిన ముప్పదియేండ్ల పిమ్మటను ఆ మేలు కొంత నిలిచియుండెను.

ముట్లుడిగినవారు వాడు హార్మోనుల సంగతి వేరు. ఆ బృందమే 2015లో 52 పరిశోధనలను పరిశీలించినది. ఏబదియేండ్ల ప్రాయమున మొదలిడి అయిదేండ్లు వాడిన ప్రతి వేయిమందిలో ఒకరికి అదనముగ ఈ వ్యాధి కలుగునని లెక్కకట్టిరి. ముప్పు నిజమే, కాని చిన్నది. ఆవిరులచేత బాధపడు తల్లికి ఆ మందువలన కలుగు ఉపశమనమును నిజమే. కావున ఎవరికి వారుగ మానివేయక, ఎంతకాలము వాడవలయునో, తక్కువ మోతాదు చాలునో లేదో వైద్యురాలి నడుగవలెను.

కూతురి మాత్రయు దోషరహితము కాదు. దానివలన రక్తనాళములలో రక్తము గడ్డకట్టు ప్రమాదము గలదు. వాడుచున్నంతకాలము రొమ్ము కేన్సరు ముప్పు కొంచెము పెరుగును. రక్తపుపోటు గలవారును, పొగత్రాగు ముప్పదియైదేండ్లు దాటినవారును దీనిని వాడరాదు. తల్లికి గాని తోబుట్టువునకు గాని రొమ్మునందో అండకోశమునందో కేన్సరు వచ్చియున్నచో, ఆ సంగతి వైద్యురాలికి దాచక చెప్పవలెను.

ఈ హెచ్చరిక యేల? అండకోశపు కేన్సరును ముందుగ పట్టి ప్రాణము నిలుపు పరీక్ష సామాన్య స్త్రీలకు ఇంకను లేదు. బ్రిటనులో రెండు లక్షలకు పైబడిన స్త్రీలకు రక్తపరీక్షలును, స్కానింగును జరిపి చూచినను మరణములు తగ్గలేదని 2021లో తేలినది. కావున మన శరీరమే చేయు సూచనలను మనము వినవలెను. కడుపుబ్బరము తగ్గకుండుట, రెండు ముద్దలకే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట—ఇవి రెండుమూడు వారములు విడువక యున్నచో వాయువని వామునీళ్లతో సరిపెట్టుకొనరాదు. ముట్లుడిగిన పిమ్మట రక్తము కనబడినచో ఒక్కనాడైనను ఆలస్యము కూడదు.

ఇంటిల్లిపాదికి జ్వరమును చూచెడి తల్లి తన కడుపునొప్పిని మాత్రము పదిమందికి చెప్పుటకు సిగ్గుపడును. ఆ సిగ్గు విడువవలెనని మా మనవి. కూతురు తన మాత్రను, తల్లి తన మాత్రను చేతబట్టుకొని, ఒకేనాడు కలిసి వైద్యురాలి యొద్దకు పోయినచో పొరుగమ్మ మాటలతో పనియుండదు.