ముప్ఫై నాలుగేళ్ల జూలియెట్

‘హీరోయిన్‌కి ముప్ఫై దాటాయంటే ఇక వదిన వేషాలే!’ ఈ మాట మనకేం కొత్త కాదు. సినిమా చూసొస్తూ మనమే అనేస్తుంటాం. హీరోగారికి యాభై దాటినా పట్టించుకోం. ఆవిడ మొహంలో ఒక్క గీత కనిపిస్తే చాలు, ‘పెద్దదైపోయింది కదూ...’ అని నిట్టూరుస్తాం.

ఈ మాటకి 1847లోనే స్టేజీ మీద జవాబు చెప్పిన నటి ఒకామె ఉంది. పేరు యోహాన్నె లూయిసె హైబెర్గ్. డెన్మార్క్ నాటకరంగాన్ని ఏలిన మహానటి. ఆమె గురించి చదివినప్పటి నుంచీ మీకు చెప్పాలని నాకు ఒకటే తహతహ.

పేదింటి పిల్ల

1812లో కోపెన్‌హాగెన్‌లో పుట్టింది. జర్మనీ నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబం. తండ్రి క్యాథలిక్, తల్లి యూదు. తాగడానికి వచ్చిపోయే వాళ్లతో నడిచే చిన్న దుకాణమే వాళ్లకి ఆధారం. అలాంటి ఇంటి పిల్లకి ఎనిమిదో ఏట రాయల్ థియేటర్ డాన్సు స్కూల్లో చోటు దొరికింది. బతుకు మలుపు తిరిగింది అక్కడే!

1826లో ‘ఏప్రిల్ ఫూల్స్’ అనే సరదా నాటకంలో స్కూలు పిల్ల వేషం వేసింది. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ పాత్రని ఆమె కోసమే రాసిన రచయిత యోహాన్ లుద్విగ్ హైబెర్గ్ తర్వాత ఆమెకి భర్తయ్యాడు. 1831లో పెళ్లి. ఆమెకి పద్దెనిమిది, ఆయనకి ముప్ఫై తొమ్మిది!

ఆ ఇంట్లో అత్తగారు కూడా సామాన్యురాలు కాదు. తొమాసినె గ్యుల్లెంబోర్ ఆవిడ పేరు. యాభై దాటాక కథలు రాయడం మొదలుపెట్టి, పేరు బయటపెట్టకుండానే పాఠకుల మెప్పు పొందిన రచయిత్రి. వయసు సంగతి పట్టించుకోని ఆడవాళ్లు ఒకే ఇంట్లో ఇద్దరన్నమాట!

మళ్లీ అదే పాత్ర

యోహాన్నె మొదటిసారి జూలియెట్‌గా నటించింది 1828లో. షేక్స్‌పియర్ నాయిక వయసే ఇంచుమించు ఆమెదీ. జనం నీరాజనం పట్టారు. సుమారు పంతొమ్మిదేళ్ల తర్వాత, 1847లో, అదే థియేటర్లో మళ్లీ జూలియెట్‌గా వచ్చింది. అప్పుడామెకి ముప్ఫై నాలుగు.

మరుసటి ఏడు ఓ పత్రికలో నాలుగు భాగాలుగా ఒక వ్యాసం వచ్చింది. మారుపేరుతో రాసింది ప్రఖ్యాత తత్వవేత్త కీర్కెగార్డ్. ఒక నటి జీవితంలో వచ్చే గడ్డుకాలం గురించి ఆ వ్యాసం. పేరు పెట్టకపోయినా అది ఎవరి గురించో ఊరందరికీ తెలుసు. ఆయన వాదన నా మాటల్లో చెప్తాను: పదిహేడేళ్ల పిల్లకి యవ్వనం ఉంటుంది గానీ, అదేమిటో ఇంకా తెలియదు. దాన్ని దాటి వచ్చినామె కాస్త దూరంలో నిలబడి చూడగలదు. అందుకే జూలియెట్‌ని నిజంగా చూపించగలిగేది ఆమే. నటి వయసు లెక్కపెడుతూ కూర్చునే ప్రేక్షకులకి ఈ సంగతి అర్థం కాదని ఆయన దెప్పిపొడిచాడు కూడా.

నాకు మాత్రం ఆ తత్వవేత్త కంటే ఆమే గొప్పగా కనిపిస్తోంది. ఆయన కాగితం మీద రాశాడు. ఆమె వందల కళ్ల ముందు నిలబడింది. పదిహేనేళ్ల నాటి తనతోనే జనం తనని పోల్చి చూస్తారని తెలియదా? తెలిసే నిలబడింది!

దర్శకురాలిగా...

1848లో ‘అమాగర్‌లో ఓ ఆదివారం’ అని పాటలతో కూడిన నాటకం తనే రాసింది. 1860లో భర్త పోయాడు. ముగ్గురు ఆడపిల్లల్ని దత్తత తీసుకుని పెంచింది. 1864లో నటనకి సెలవు చెప్పింది. అయితే ఇంట్లో కూర్చోలేదు. 1867 నుంచి 1874 దాకా అదే రాయల్ థియేటర్లో నాటకాలకి దర్శకత్వం వహించింది. మగవాళ్ల పెత్తనం సాగే చోట ఓ స్త్రీ ఆ పనిలో ఉండటం ఆ రోజుల్లో సామాన్యమా! ఇబ్సెన్ నాటకాల్ని అక్కడి స్టేజీ మీద నిలబెట్టిన వాళ్లలో ఆమె ఒకరు. ఆ కృతజ్ఞతతో ఇబ్సెన్ 1871లో ఆమెకి పద్యాల్లో ఉత్తరమే రాశాడు.

1890లో కన్నుమూసింది. రాసిపెట్టుకున్న జ్ఞాపకాలు ఆ తర్వాత పుస్తకంగా వచ్చాయి. 1997లో డెన్మార్క్ విడుదల చేసిన 200 క్రోనర్ల నోటు మీద ఆమె బొమ్మే వేశారు. తర్వాత వచ్చిన నోట్ల మీద వంతెనల బొమ్మలు చేరాయనుకోండి!

మనలో స్టేజీ ఎక్కేవాళ్లు ఎందరు? కానీ ‘ఈ వయసులో ఇప్పుడు సంగీతమా?’, ‘ఇప్పుడు డిగ్రీ ఎందుకమ్మా?’ అనే మాటలు వినని వాళ్లెవరు? ఈసారి ఎవరైనా అలా అంటే, జూలియెట్‌గా నిలబడిన ఆ ముప్ఫై నాలుగేళ్లావిడని ఒక్కసారి తలుచుకోండి. పేరు నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు!