లోహానికి గాజు కవచం: విద్యుత్తుతో పూత

కోల్‌కతాలో 1943లో రాకపోకలకు తెరుచుకున్న హౌరా వంతెన నిర్మాణానికి సుమారు 26,500 టన్నుల ఉక్కు పట్టింది. ఆనాటి నుంచి దానికి తుప్పుతో పోరాటం తప్పడం లేదు. తేమగాలికి పక్షుల రెట్టలు తోడయ్యాయి. బాటసారులు ఉమ్మే పాన్ రసం వల్ల అడుగుభాగాల ఉక్కు హరించుకుపోతుండడంతో వాటికి ఫైబర్‌గ్లాస్ తొడుగులు అమర్చవలసి వచ్చింది.

తుప్పు నివారణకు రంగులే కాక రసాయన పూతలూ ఉన్నాయి. అల్యూమినియం, జింకు వంటి లోహాలకు దశాబ్దాలుగా వాడిన క్రోమేట్ పూతలు సమర్థమైనవే. అయితే వాటిలోని హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకమని తేలింది. ప్రత్యామ్నాయాల అన్వేషణలో ముందుకు వచ్చిన వాటిలో సోల్-జెల్ పూత ఒకటి. గాజు, పింగాణీ పదార్థాల పరిశోధనకు 1950లో కోల్‌కతాలోని జాదవ్‌పూర్‌లో ప్రారంభమైన కేంద్రీయ గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ చిరకాలంగా కృషి చేస్తున్న రంగాలలో ఇదీ ఉంది.

గాజును కొలిమిలో కరిగించకుండా ద్రవం నుంచే రూపొందించడం ఈ ప్రక్రియలోని విశేషం. సిలికాన్ సమ్మేళనాన్ని ఆల్కహాల్‌లో కలిపి, కొద్దిగా నీరు, ఆమ్లం లేదా క్షారం చేర్చితే కంటికి కనిపించని సిలికా కణాలు ఏర్పడతాయి. కణాలు తేలియాడే ఆ ద్రవమే సోల్. అవి ఒకదానికొకటి అల్లుకొని ముద్దగా మారితే జెల్. లోహాన్ని సోల్‌లో ముంచి తీసి, ఆరబెట్టి, వేడి చేస్తే పలుచని గాజు పొర నిలుస్తుంది.

చిక్కంతా ఆరడంలోనే ఉంది. ద్రవం ఆవిరయ్యే కొద్దీ పొర కుంచించుకుపోతుంది. అడుగున ఉన్న లోహం కదలదు. పొర మందం దాదాపు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, దాటితే బీటలు వారుతుంది. బీట పడిన చోటే తుప్పుకు దారి దొరుకుతుంది. పొర మీద పొర వేయవచ్చు కానీ ప్రతిసారీ ఆరబెట్టి కాల్చవలసిందే.

ఎలక్ట్రోఫోరెటిక్ డిపోజిషన్ ఇక్కడే అక్కరకు వస్తుంది. సోల్‌లోని కణాలకు విద్యుదావేశం ఉంటుంది. క్షార ద్రవంలో సిలికా కణాలు రుణావేశం పొందుతాయి. లోహపు ముక్కను ధన ధ్రువంగా అమర్చి విద్యుత్తు ప్రసరింపజేస్తే కణాలు దానివైపు కదలి, ఒత్తుగా పేరుకుంటాయి. కణాలు ముందే దగ్గరగా సర్దుకున్నందున ఆరేటప్పుడు కుంచించుకుపోవడం తగ్గుతుంది. ఒకే విడతలో అనేక మైక్రాన్ల పూత సాధ్యమవుతుంది. పూత పడిన చోట విద్యుత్ నిరోధం పెరుగుతుంది కనుక తరువాతి కణాలు ఖాళీగా ఉన్న చోటును చేరుతాయి. మూలలు, మెలికలు ఉన్న వస్తువులకు ఇది బ్రష్షుకు అందని సౌలభ్యం.

విద్యుత్తు వాడకంలో జాగ్రత్తలు అవసరం. నీరు ఎక్కువైతే అది విడిపోయి వాయు బుడగలు పుడతాయి; పూతలో సూదిమొన రంధ్రాలు మిగులుతాయి. ధన ధ్రువంగా ఉన్న లోహమే కరిగిపోయే ప్రమాదమూ ఉంది. ఆపై వేడి చేసినప్పుడు మామూలు ఉక్కు, సిలికా గాజు కంటే సుమారు 20 రెట్లు అధికంగా వ్యాకోచిస్తుంది. పూత కొంతైనా సాగేందుకు సోల్‌లో మిథైల్ సమూహాలున్న సమ్మేళనాన్ని కలుపుతారు.

వస్తువును తొట్టిలో ముంచవలసి ఉన్నందున వంతెనలకు ఈ విధానం పనికిరాదు. వాటికి రంగులే శరణ్యం. వాల్వులు, బిగింపు మరలు, శరీరంలో అమర్చే లోహపు ముక్కల వంటి చిన్న భాగాలకు ఇది తగినది. ఇదే సూత్రంతో కార్ల బాడీలకు తొలి రంగు పూత వేయడం కర్మాగారాలలో నిత్యకృత్యమే. అక్కడ పేరుకునేది గాజు కాదు, రెసిన్.