జర్నీమ్యాన్ అంటే ప్రయాణికుడు కాదు

ఈసారి గోడపత్రికకి ‘ఒక మాట వెనక కథ’ రాసి ఇమ్మన్నారు మేడం. మా బెంచీలో ఒకమ్మాయి ‘పసుపు’ తీసుకుంది, ఇంకొకమ్మాయి ‘పీట’ తీసుకుంది. నాకు మిగిలింది ఇంగ్లీషు మాట: జర్నీమ్యాన్. తెలుగు శాఖ గోడ మీద ఇంగ్లీషు మాటేమిటని నవ్వకండి, చివరిదాకా చదవండి. ఇందులో మా భంజనగర్ ఉంది, హైదరాబాద్ ఉంది, మధ్యలో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక ఫుట్‌బాల్ ఆటగాడున్నాడు.

2019లో నేను తొమ్మిదో తరగతి. మా తమ్ముడు ఒడిశా ఎఫ్‌సీ మ్యాచ్ పెట్టుకుని టీవీ ముందు నుంచి కదిలేవాడు కాదు. ఒకరోజు వ్యాఖ్యానంలో ‘జర్నీమ్యాన్ స్ట్రైకర్’ అన్న మాట వినిపించింది. జర్నీ అంటే ప్రయాణం కదా, ఊళ్లు తిరిగే మనిషి కాబోలు అనుకున్నాను. తప్పు. ఈ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ ‘జుర్నే’ అంటే ఒక రోజు, లేదా ఒక రోజు పని. పని పూర్తిగా నేర్చుకుని, సొంత కొట్టు పెట్టుకునే స్తోమత లేక, ఇంకొకరి దగ్గర రోజు లెక్కన చేసేవాడు జర్నీమ్యాన్. శిష్యుడు కాదు, మేస్త్రీ కాదు, మధ్యవాడు. ప్రయాణం ఆ మాటలో లేదు. పని ఎక్కడుంటే అక్కడికి పోక తప్పదు కాబట్టి, ప్రయాణం వాడి బతుకులోకి వచ్చింది.

ఆ రోజు టీవీలో ఉన్నవాడు అరిదానే సాంటానా. 1987లో పుట్టాడు. కానరీ దీవులవాడు. ఆ దీవులు స్పెయిన్‌వే అయినా ఆఫ్రికా ఒడ్డుకే దగ్గర. అరిదానే అన్నది స్పానిష్ పేరు కూడా కాదు, స్పెయిన్‌వాళ్లు రాకముందు ఆ దీవుల్లో ఉన్న మనుషుల భాషలోది. లా పాల్మా దీవిలో ఒక లోయకి, ఒక ఊరికి ఇప్పటికీ ఆ పేరుంది. మన టీవీవాళ్లు దాన్ని ఒక్కో రోజు ఒక్కో రకంగా పలికేవారు.

స్పెయిన్ ఫుట్‌బాల్ అనగానే అందరం బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ అంటాం. అవి పై మేడ. ఆ మేడలో 20 జట్లు. కింద రెండో అంతస్తులో 22. దాని కింద మూడో అంతస్తులో, సాంటానా ఆడిన రోజుల్లో, నాలుగు గుంపులుగా 80 జట్లు. ఏడాదంతా ఆడితే ఆ 80లో పైకెక్కేవి నాలుగే! సాంటానా బతుకు ఎక్కువగా ఈ మెట్ల మీదే గడిచింది. 2012-13లో టెనెరిఫె జట్టు మూడో అంతస్తు నుంచి రెండోదానికి ఎక్కినప్పుడు గోల్స్ కొట్టే పని ఇతనిది. తర్వాత కొంతకాలం రెండో అంతస్తు. మళ్లీ కిందికి. కార్తహేనా, లియోన్ ఊరి కుల్తురాల్... ఊళ్లు మారుతూ వచ్చాయి.

ఎందుకలా మారతారు? ఇదే నన్ను ఎక్కువ తొలిచిన ప్రశ్న. ఆ అంతస్తులో ఒప్పందాలు చాలావరకు ఏడాదికో రెండేళ్లకో రాస్తారు, జూన్ 30తో కాగితం అయిపోతుంది. ఒకప్పుడు యూరప్‌లో ఒప్పందం అయిపోయినా పాత క్లబ్బుకి డబ్బు కడితే తప్ప కొత్త క్లబ్బుకి వెళ్లే వీలుండేది కాదు. బోస్మన్ అనే బెల్జియం ఆటగాడు కోర్టుకెక్కి, 1995 డిసెంబరులో ఆ పద్ధతి కొట్టేయించాడు. ఆటగాడు స్వేచ్ఛగా వెళ్లొచ్చు. పెద్ద ఆటగాళ్లకి అది వరం. చిన్నవాళ్లకి సగం వరమే. క్లబ్బు కూడా అంతే స్వేచ్ఛగా ‘ఇక చాలు’ అనేయొచ్చు. ముఖ్యంగా స్ట్రైకర్‌ని. వెనక కాపు కాసేవాడు బాగా ఆడాడో లేదో చెప్పాలంటే ఆట తెలియాలి. స్ట్రైకర్‌ని లెక్కపెట్టడానికి చేతివేళ్లు చాలు.

32 ఏళ్ల వయసులో, ఆ వేళ్ల మీద లెక్కతోనే, అతను ఇండియాకి వచ్చాడు. ఢిల్లీ డైనమోస్ అనే జట్టు 2019లో భువనేశ్వర్‌కి మారి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే జట్టు కూడా వలస వచ్చిందే! కోచ్ జోసెప్ గొంబావ్, ఆయనా స్పెయిన్‌వాడే. అక్టోబరు 22న జమ్‌షెడ్‌పూర్‌లో మొదటి మ్యాచ్ 2-1తో ఓడారు. ఆ ఒక్క గోల్ సాంటానాది, లీగ్‌లో ఒడిశా పేరు మీద మొట్టమొదటి గోల్. కళింగ స్టేడియం పనుల్లో ఉండి మొదటి ‘సొంత’ మ్యాచ్‌లు పూణేలో ఆడారు. డిసెంబరు 27న భువనేశ్వర్‌కి వచ్చాక మళ్లీ అదే జమ్‌షెడ్‌పూర్ మీద 2-1తో గెలిచారు. రెండు గోల్సూ సాంటానావే. ఆ మ్యాచ్‌కి భువనేశ్వర్‌లో చదువుతున్న మా పెద్దమ్మ కొడుకు మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్లాడు. అంత దూరం నుంచి మొహం ఏం కనిపిస్తుంది? గోల్ పడినప్పుడు చుట్టూ అందరూ లేచేసరికి నేను అదీ చూడలేదు, ముందువాళ్ల వీపులు చూశాను. ఇంటికొచ్చి టీవీలో చూసుకున్నాను.

ఆ ఏడాది 14 మ్యాచ్‌ల్లో 9 గోల్స్. తర్వాత గాయం. బెంగళూరు నుంచి మాన్యుయెల్ ఒన్వు అనే ఇంకో స్పెయిన్ స్ట్రైకర్‌ని అరువు తెచ్చుకున్నారు, అతను కూడా దబదబా గోల్స్ కొట్టేశాడు. జట్టు ఆరో స్థానంలో ఆగింది. సాంటానా ఒప్పందం పొడిగించలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న సూరత్‌లో పవర్‌లూమ్ కార్ఖానాలో పని చేస్తారు. గంజాం జిల్లాలో ఇలాంటి ఇళ్లు ఎన్నో మీకందరికీ తెలుసు, మన క్లాసులోనే ఉన్నాయి. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన డబ్బులు. 2020లో మగ్గాలు ఆగిపోతే శ్రామిక్ రైల్లో ఇంటికొచ్చారు. నవంబరుకి కూడా ఇంట్లోనే ఉన్నారు. మేము నాన్నతో కలిసి టీవీ చూసిన నెలలు అవే.

నవంబరు 23న ఒడిశాకి ఆ సీజన్ మొదటి మ్యాచ్, హైదరాబాద్ ఎఫ్‌సీతో. కరోనా వల్ల లీగ్ మొత్తం గోవాలోనే, ఖాళీ గ్యాలరీల మధ్య. హైదరాబాద్ పసుపు చొక్కాలో, కెప్టెన్ పట్టీ కట్టుకుని, సాంటానా! 35వ నిమిషంలో పెనాల్టీ. అతనే కొట్టాడు. 1-0. ఒడిశా ఓడింది.

మా తమ్ముడు రిమోట్ విసిరేశాడు. “ద్రోహి” అన్నాడు.

“ఏటిరా ద్రోహం?” అన్నారు నాన్న. “వీళ్లు రమ్మన్నారా, వద్దన్నారా?”

“కాగితం పొడిగించలేదంట.”

“మరి? ఇంట్లో కూచోమంటావా?”

అంతకన్నా ఏమీ అనలేదు. లేచి చుట్ట కాల్చుకోడానికి బయటికెళ్లిపోయారు. అప్పటికి ఆరు నెలలుగా ఇంట్లో కూచున్న మనిషి ఆ మాట అనేసరికి మా తమ్ముడు రిమోట్ బ్యాటరీలు ఏరుకుని నోరు మూసుకున్నాడు.

హైదరాబాద్‌కి ఆ ఏడాది 10 గోల్స్ కొట్టాడు. మానోలో మార్కెజ్ కోచ్‌గా కుర్రాళ్లతో నిండిన జట్టు అది. 33 ఏళ్లవాడు ముందు నిలబడి బంతిని ఆపి ఇస్తే, కుర్రాళ్లు పక్కల నుంచి పరిగెత్తేవారు. నాకు గోల్స్ కంటే ఆ పనే నచ్చింది. ఎవరూ లెక్కపెట్టని పని అది. చివరి మ్యాచ్‌లో గోవాని ఓడిస్తే పై నాలుగులోకి వెళ్లేవారు, 0-0 అయింది, ఐదో స్థానం. సీజనంతా గోవాలోనే కాబట్టి, హైదరాబాద్ కెప్టెన్‌గా గచ్చిబౌలి స్టేడియంలో అతను ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు.

2021లో మళ్లీ ఒడిశాకి వచ్చాడు. మా తమ్ముడు వెంటనే క్షమించేశాడు. నవంబరు 24న బెంగళూరు మీద 3-1 గెలుపులో చివరి గోల్ అతనిదే. కానీ ఆ తర్వాత మునుపటి జోరు లేదు. ఇంకో చిక్కు, ఆ ఏడాది నుంచి మైదానంలో ఒకేసారి ఉండే విదేశీయుల్ని ఐదు నుంచి నలుగురికి తగ్గించారు, జట్టులో ఏడు నుంచి ఆరుగురికి. మన కుర్రాళ్లకి చోటు దొరకాలి, ఆ నియమం సరైనదే అంటాను నేను. అయినా ఒక కుర్చీ తీసేస్తే ముందు లేవాల్సింది వయసైనవాడే కదా.

అక్కడ హైదరాబాద్‌లో అతని చోట్లోకి వచ్చిన నైజీరియా ఆటగాడు ఒగ్‌బెచె, ఇంకో పెద్ద జర్నీమ్యాన్, ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న హైదరాబాద్ కేరళని పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తింది. కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ముందు ఏడాది కెప్టెన్ ఆ ఫోటోలో లేడు. ఒడిశా ఏడో స్థానం. ఆ తర్వాత సాంటానా మన లీగ్‌లో కనిపించలేదు.

తెలుగులో జర్నీమ్యాన్‌కి ఏం రాయాలని చాలా ఆలోచించాను. ‘దినకూలీ’ అంటే నేర్చిన పనితనం పోతుంది. ‘వలస ఆటగాడు’ అంటే కూలి లెక్క పోతుంది. ‘కులాసా సంచారి’ అని ఒకమ్మాయి సలహా ఇచ్చింది, దానికి నేను ఏమీ అనలేదు. మీకెవరికైనా తోస్తే కింద ఖాళీలో పెన్సిల్‌తో రాయండి.

నాన్న 2021లోనే బరంపురంలో అహమ్మదాబాద్ బండి ఎక్కి మళ్లీ సూరత్ వెళ్లారు. మొన్న ఆదివారం ఫోన్లో, ఇది రాస్తున్నానని చెబితే, “ఆ స్పెయిన్ ఆయన ఇప్పుడెక్కడ?” అని అడిగారు. తెలీదు నాన్నా అన్నాను. కాసేపాగి, తను కూడా ఈ నెల కార్ఖానా మారానని, కొత్త చోట మీటరుకి పది పైసలు ఎక్కువని చెప్పారు.